పిల్లుల వంతు: గురు, శుక్ర, శని

మా కాలనీలో పిల్లులు గురువారం ఉదయం ఆరు గంటలకు విడుదలవుతాయి, శనివారం సాయంత్రం ఆరు గంటలకు ఆగిపోతాయి. కుక్కల వంతు సోమవారం నుంచి బుధవారం దాకా. ఆదివారం రెంటికీ మూసివేత, మరమ్మతుల నిమిత్తం. ఆ మరమ్మతులేమిటని నన్నడక్కండి. ముప్పై ఆరేళ్లు ఇరిగేషన్ ఆఫీసులో పనిచేశాను. కాలువలు కట్టేసిన ప్రతి వేసవిలోనూ ఆ మాట కాగితం మీద రాశాను. అవేమిటని ఒక్కసారీ ఎవర్నీ అడగలేదు.

మా కాలనీ గురించి ముందు చెప్పాలి. అరవై రెండు ఇళ్లు. ప్రతి ఇంటి యజమానీ ఇరిగేషన్ శాఖలో ఏదో ఒక కుర్చీలో కూర్చుని లేచినవాడే. కుర్చీ వదిలినా భాష వదల్లేదు. మావాళ్లు పెళ్లిభోజనానికి వెళ్తే మొదటి బంతిని ఎగువ ఆయకట్టు అంటారు, చివరి బంతిని శివారు అంటారు. సాంబారు శివారుకి అందలేదని ఒకాయన ఆడపెళ్లివారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. దాన్ని రాసిపెట్టింది నేనే. హెడ్ గుమస్తాగా రిటైరైనవాణ్ణని నన్ను కాలనీ సంఘానికి కార్యదర్శిని చేశారు. అంటే నిర్ణయాలు వాళ్లవి, చేతిరాత నాది.

గొడవ గుమ్మడికాయ వడియాలతో మొదలైంది. చివరి వీధిలో చివరి ఇల్లు మంగతాయారుగారిది. ఆవిడ భర్త మా ఆఫీసులోనే టైపిస్టు, పోయి ఆరేళ్లయింది. ఆవిడకి గవ్వ అనే తెల్లపిల్లి ఉంది. పక్కిల్లు సూర్యచంద్రరావుది. కాలువల మ్యాపులు గీసి గీసి వీపు వంగిపోయిన డ్రాఫ్ట్స్‌మన్. ఆయనకి మేజర్ అనే కుక్క ఉంది. రెండిళ్ల మధ్య మూడడుగుల సందు. ఆ సందు దూకి గవ్వ సూర్యచంద్రరావు డాబా మీద అప్పుడే పెట్టిన వడియాల మీదుగా నడిచింది. మర్నాడు మేజర్ గోడ దూకి మంగతాయారుగారి కనకాంబరాల మడిని తవ్వి పారేసింది. రెండు రోజులు గోడ మీదుగా మాటలు నడిచాయి. మూడో రోజు రెండు ఫిర్యాదులూ ఒకే పూట నా బల్ల మీదకొచ్చాయి. ఆవిడది ఒక్క వాక్యం. ఆయన మాత్రం పిల్లి అడుగులన్నీ స్కేలుకు గీసి, ప్రవాహ దిశను బాణం గుర్తుతో చూపించి, కింద ఉత్తరం ఎటో కూడా వేశాడు.

మరో కాలనీలో అయితే ఇద్దర్నీ కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఊరుకోండమ్మా అనేవారు. మా అధ్యక్షులు వేలూరి భీమశంకరంగారు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా చేసినవారు. ఆయన ఆ పటాన్ని చాలాసేపు చూశారు. తర్వాత కళ్లజోడు తీసి సభకి చెప్పారు.

"ఇది కుక్కా పిల్లీ తగాదా అని మీరనుకుంటున్నారు. కాదు. ఒకే కాలువ మీద ఇద్దరు రైతుల తగాదా. సర్వీసంతా మనం పరిష్కరించింది దీన్నే. వంతు పెట్టేద్దాం."

సభ చప్పట్లు కొట్టింది. నిజం చెప్పాలంటే నేనూ కొట్టాను. వెనక వరసలోంచి ఎవరో, ఈ రోజు తన వంతు కాదని పిల్లికి ఎలా తెలుస్తుందండీ అని సందేహం వెలిబుచ్చారు. రైతుకి మాత్రం ముందే తెలుస్తుందా, షట్టరు దించాక తెలుస్తుంది అన్నారు అధ్యక్షులు. అంతటితో ఆ సందేహం తీరిపోయింది.

వారం రోజుల్లో రిజిస్టరు తయారైంది. కుక్కలు పదకొండు, పిల్లులు ఏడు. యజమాని లేకుండా గోడల మీద తిరిగే పిల్లులు మరో పద్నాలుగు దాకా ఉన్నాయి. వాటిని ఊట కింద చూపించాం. ఊటని ఏ ఇంజినీరూ ఆపలేడు గనక వాటికి వంతు వర్తించదు. వంతు తప్పిన జంతువు యజమానికి కుళాయి కట్టేయాలని శిక్ష కూడా నిర్ణయించాం. కాలనీ ట్యాంకు మీట సంఘం చేతిలో ఉంది కాబట్టి ఆ మాటకి అందరూ భయపడ్డారు. చివరి వీధి మరీ భయపడింది. వాళ్లకి వచ్చేదే సన్నధార.

అమలు బాధ్యత యేసురత్నానికి అప్పగించారు. అతను లస్కరు. కాలువ షట్టర్లు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం, భీమశంకరంగారి కిందే ముప్పై రెండేళ్లు చేశాడు. ఇప్పుడు మా గేటు పక్క గదిలో ఉంటూ కాపలా చూస్తాడు, నోటీసులు పంచుతాడు. ఆరు గంటలకు అతను ఈల వెయ్యాలి. ఈల విని ఎవరి జంతువుని వాళ్లు లోపల పెట్టి తలుపు వేసుకోవాలి.

మొదటి వారంలోనే ఒక చిక్కు వచ్చింది. మూసివేత రోజుల్లో కుక్క కాలకృత్యాల సంగతేమిటి? కమిటీ రెండు గంటలు చర్చించి అత్యవసర విడుదల అనే నిబంధన చేర్చింది. యజమాని ఒక రోజు ముందుగా, అవసరం ఎన్ని గంటలకు కలగవచ్చో, ఎంతసేపు పట్టవచ్చో తెలుపుతూ మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. సూర్యచంద్రరావు మేజర్ అలవాట్లను పది రోజులు గమనించి గ్రాఫు గీసి పట్టుకొచ్చాడు. మేజర్ ఆ గ్రాఫుని గౌరవించలేదు. మంజూరైన వేళ గేటు దగ్గర తోక ఊపుతూ నిలబడేది, పని మాత్రం వరండాలో కానిచ్చేది.

నెల తిరిగేసరికి పథకం తొంభై రెండు శాతం విజయవంతమైందని నేను నివేదిక రాశాను. సూర్యచంద్రరావుగారి వడియాలు మళ్లీ రెండుసార్లు తొక్కబడ్డాయి. తొక్కింది ఊట గనక లెక్కలోకి రాలేదు.

ఇలా సాగుతుండగా గవ్వ ఒక శనివారం సాయంత్రం ఈల వేసినా ఇంటికి రాలేదు. ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. కడుపు ఖాళీగా ఉంది, ఎక్కడో ఈనింది. ఇన్నాళ్లూ అది బాగా తిని లావెక్కిందని మంగతాయారుగారు అనుకుంటున్నారట. నిబంధన ప్రకారం ఆవిడ తలుపులు వేసేశారు. సాయంత్రానికి సూర్యచంద్రరావుగారి అటక మీంచి సన్నగా ఏడుపులు మొదలయ్యాయి. ఇవతలింట్లో గవ్వ తలుపు గీరుతూ ఏడుపు. ఆవిడ పరుగున మా ఇంటికి వచ్చారు.

"అన్నయ్యగారూ, దాన్ని ఒక్కసారి వదలనివ్వండి. పాలిచ్చొస్తుంది."

నేను నిబంధనల పుస్తకం తెరిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది, కానీ అప్పుడు తెరిచాను. అత్యవసర విడుదల కుక్క కాలకృత్యాలకే ఉంది, పిల్లి పాల గురించి ఒక్క మాట లేదు. కాగితం రాసి అధ్యక్షులకు పంపించాను. అరగంటలో ప్రశ్నలతో తిరిగొచ్చింది. లబ్ధిదారులు ఎందరు, కళ్లు తెరిచాయా లేదా, అవి ఏ తూము కిందికి వస్తాయి? నాలుగు గొంతులు వినబడుతున్నాయి, నిన్న పుట్టినవాటికి కళ్లెక్కడ తెరుచుకుంటాయి అని మంగతాయారుగారు మొదటి రెంటికీ జవాబిచ్చారు. మూడోది ఆవిడకి అర్థం కాలేదు.

అర్థమయ్యేలా అధ్యక్షులే తేల్చారు. పిల్లలు సూర్యచంద్రరావు అటక మీద పుట్టాయి గనక అవి ఆయన ఆయకట్టు. తల్లి మంగతాయారుగారి ఆయకట్టు. ఒక తూము నీళ్లు ఇంకో తూము కింది పొలానికి పారించడం కుదరదు. పిల్లల్ని ఇవతలికి తేవాలన్నా అది ఆయకట్టు మార్పిడి, సర్వసభ్య సమావేశం ఆమోదించాలి. సమావేశం వచ్చే నెల రెండో ఆదివారం.

సోమవారం తెల్లారేసరికి సూర్యచంద్రరావు మా అరుగు మీద ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిల్లలు ఏడుస్తుంటే మేజర్ అటక కింద కూర్చుని వాటితోపాటు ఏడ్చిందట, ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు.

"గుమస్తాగారూ, ఆ పిల్లిని మా ఇంటికి పంపించండి. మీకు దణ్ణం పెడతాను."

అది రాకూడదనే కదా తమరు ఫిర్యాదు చేశారన్నాను. వెనక్కి తీసుకుంటానన్నాడు. వంతు అమల్లోకి వచ్చాక ఫిర్యాదుదారుకి ఆ ఫిర్యాదు మీద హక్కు ఉండదు, అది సంఘం ఆస్తి. ఆ సంగతి చెప్పాను. పిల్లల్ని చేత్తో తీసి ఇవ్వడానికీ వీల్లేదు. అటక మీద నలభై ఏళ్ల కాలువ మ్యాపుల చుట్టలున్నాయి, వాటి వెనక మూలన ఎక్కడో ఉన్నాయి పిల్లలు. మనిషి చెయ్యి వాసన తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదని మంగతాయారుగారు ఒట్టేసి చెబుతున్నారు. ఆయన లేచి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం నాలుగు నెలలుగా మాటల్లేని ఆ ఇద్దరూ మాట్లాడుకున్నారు. మూడు నిమిషాలు కూడా పట్టలేదట. గవ్వని వీధిలోకి వదిలితే అందరి కంటా పడుతుంది, ఈనిన నీరసంలో అది సందు దూకలేదు. అటకకి సందు వైపు చిన్న కిటికీ ఉంది. దానికి ఎదురుగా మంగతాయారుగారి డాబా పిట్టగోడ. సూర్యచంద్రరావు సర్వీసంతా ఏ బల్ల మీద వంగి మ్యాపులు గీశాడో ఆ డ్రాయింగు బల్లని స్టాండు నుంచి విప్పి, కిటికీకీ గోడకీ మధ్య వేశాడు. గవ్వ ఒకసారి వాసన చూసి దాని మీదుగా వెళ్లిపోయింది. ఏడుపులు ఆగాయి. మేజర్ అటక కిందే పడి నిద్రపోయింది. సాయంత్రం నడకకి వెళ్లినప్పుడు ఆ బల్ల నా కంటబడింది. తల దించుకుని నడిచాను. చూసింది చూడనట్టుండటం గుమస్తాకి సర్వీసులో మొదట వచ్చే విద్య.

పుల్లంరాజుకి ఆ విద్య రాలేదు. ఆయన కాలువ లాకు సూపరింటెండెంటుగా చేసినవాడు, రోజూ పొద్దున్నే తనకెవరూ అప్పగించని తనిఖీకి బయల్దేరతాడు. బుధవారం ఆయన సందులో నిలబడి పైకి చూశాడు. తొమ్మిది గంటలకల్లా నివేదిక ఇచ్చాడు. చివరి వీధిలో అనధికార తూము కనిపించిందని అందులో ఉంది.

ఇరిగేషన్ వాళ్ల దగ్గర ఆ రెండు మాటలూ కలిపి అనకూడదు. హత్య జరిగిందన్నా మావాళ్లు ఇంత కదిలేవాళ్లు కాదు. గురువారం అత్యవసర సమావేశం పెట్టారు. అధ్యక్షులు లేచి నిలబడి మాట్లాడారు. ఈ రోజు ఒక బల్ల, రేపు పది బల్లలు, ఎల్లుండి ఈ కాలనీలో వంతు అనేదే ఉండదన్నారు. శనివారం సాయంత్రం ఆరు గంటలకు, పిల్లుల వంతు ముగియగానే, కమిటీ సమక్షంలో బల్ల తొలగించాలని తీర్మానం అయింది. ఆ తర్వాత గవ్వకి మళ్లీ వంతు గురువారం ఉదయమే. అడ్డుపడితే రెండిళ్ల కుళాయిలూ కట్.

మంగతాయారుగారు ఆ సభకి వచ్చారు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గొంతు పెంచకుండా అడిగారు.

"కళ్లు తెరవని పిల్లలు నాలుగున్నర రోజులు పాలు లేకుండా బతుకుతాయా? ఆ ఒక్కటీ చెప్పండి."

అధ్యక్షులు నిజంగానే ఆలోచించారు.

"శివారు పొలాలు పన్నెండు రోజులు నీళ్లు లేకుండా బతికాయమ్మా. మన రికార్డుల ప్రకారం."

ఆవిడ లేచారు. కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ జవాబుని మినిట్సులో రాసుకున్నాను.

శనివారం అయిదు గంటలకు కమిటీ తొమ్మిదిమందీ మంగతాయారుగారి డాబా ఎక్కాం. అవతల అటక కిటికీ పక్కన సూర్యచంద్రరావు మొహం కనబడుతోంది. ఇంతమంది మగగొంతుకలు ఒక్కసారి వినబడేసరికి గవ్వకి ఆ చోటు మంచిది కాదని తోచినట్టుంది. అయిదూ ఇరవైకి ఒక పిల్లని నోట కరుచుకుని కిటికీలోంచి బయటకొచ్చింది. బల్ల మీదుగా నడిచి, మా కాళ్ల మధ్య నుంచి మెట్లు దిగి, ఇంట్లోకి పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ అటకలోకి వెళ్లింది.

కమిటీలో పెద్ద కలకలం. ఇది మంజూరు లేని ఆయకట్టు మార్పిడి అన్నాడు పుల్లంరాజు. ఆరు గంటల దాకా పిల్లి వంతే గనక పిల్లి కదలికకి అభ్యంతరం లేదన్నారు ఒకరు. మరి పిల్ల రిజిస్టరులో లేదు కదా, దాని కదలిక సంగతేమిటని ఇంకొకరు. నోట కరుచుకున్నది జంతువు కింద లెక్కా, సామాను కింద లెక్కా? సామానైతే నిబంధనల్లో నిషేధం లేదు. చర్చ చాలా ఉన్నత స్థాయిలో సాగింది. సామానే అని తేలే వేళకి రెండోది వెళ్లిపోయింది. అది తేలాక పావుగంటకి మూడోది కూడా వెళ్లింది. నాలుగో దానికోసం గవ్వ లోపలికి వెళ్లింది. మ్యాపుల చుట్టల వెనక మరీ లోపలికి జారిపోయిందేమో, ఎంతకీ రాలేదు. ఆరయింది. మా వెనకే డాబా ఎక్కిన యేసురత్నం ఈల వేశాడు.

"బల్ల తియ్యి, యేసురత్నం" అన్నారు అధ్యక్షులు.

అతను ముందుకొచ్చి బల్ల అంచు మీద రెండు చేతులూ ఆనించాడు. అలాగే నిలబడ్డాడు.

"ఇంకో పిల్ల అవతలుండిపోయిందండి."

"టైమయింది."

"అయిందండి." అతను చేతులు తీసేశాడు. "ముప్పై రెండేళ్లు తమరు దించమంటే దించానండి. శివారు రైతులు గట్టు మీద కూకుని, ఒక్క గంట ఉంచరా యేసురత్నం, మడి చివరిదాకా పారలేదురా అని ఏడిస్తే, ఆళ్ల మొహం సూడకుండా దించేసేవోణ్ణండి. ఇంటికెళ్తే అన్నం సయించేది కాదండి. ఇది నా వల్ల కాదండి. తమరు తీసుకోండి."

అని పక్కకి తప్పుకుని చేతులు కట్టుకున్నాడు.

డాబా మీద కమిటీవాళ్లం తొమ్మిదిమందిమి ఉన్నాం. అందరం కలిపి మూడు వందల ఏళ్ల సర్వీసు ఉంటుంది. షట్టర్లు దించమని ఎన్ని ఉత్తర్వులు రాశామో లెక్కలేదు. చేత్తో దించినవాడు ఒక్కడూ లేడు. అధ్యక్షులు మా వైపు చూశారు. పుల్లంరాజు వాచీ చూసుకున్నాడు. నేను మినిట్సు పుస్తకం చూసుకున్నాను. ఇక గత్యంతరం లేక ఆయనే చొక్కా చేతులు మడిచి, గోడ దగ్గరికి వెళ్లి, వంగి బల్ల పట్టుకున్నారు.

అప్పుడు కిటికీలో గవ్వ తల కనిపించింది. నోట్లో నాలుగోది. అది ఒక కాలు బల్ల మీద వేసి ఆగింది, బల్ల కదులుతోంది గనక. ఆయన లాగితే దారి తెగినట్టే. మెట్ల దగ్గర నిలబడ్డ మంగతాయారుగారు చీర చెంగు నోట్లో కుక్కుకున్నారు. అవతల సూర్యచంద్రరావు తన వైపు అంచుని రెండు చేతులతో అదిమిపట్టాడు. అధ్యక్షులు ఒక్క క్షణం ఆయన వైపు చూసి, తానూ ఇటు అంచుని అదిమిపట్టారు. గవ్వ నడిచొచ్చింది. తోక ఆయన ముంజేతికి తగిలింది. అది మెట్లు దిగి ఇంట్లోకి పోయేదాకా ఆయన ఆ బల్లని వదల్లేదు.

అప్పటికి ఆరూ పదకొండు. నాకు కళ్లు చెమర్చాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఆయన బల్ల తీసి అవతలికి అందించి, చేతిరుమాలుతో చేతులు తుడుచుకుని, ఆరు గంటలకు తొలగించడమైనదని రాసుకోండి అన్నారు. సంతోషంగా రాసుకున్నాను. గొడవ తీరిపోయింది, ఈ వంతుల పిచ్చీ ఇంతటితో వదిలింది అనుకుంటూ ఇంటికి వెళ్లాను. ముప్పై ఆరేళ్ల అనుభవం ఉండి కూడా అలా అనుకున్నాను చూడండి.

సోమవారం సమావేశంలో రెండు తీర్మానాలు జరిగాయి. మూగజీవి పట్ల అధ్యక్షులు చూపిన మానవతా దృక్పథాన్ని అభినందిస్తూ మొదటిది. విధి నిర్వహణలో ధిక్కారానికి పాల్పడిన యేసురత్నాన్ని గేటు పని నుంచి, గది నుంచి ఎందుకు తొలగించకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ కోరుతూ రెండోది. నేను కార్యదర్శిగా మొదటిసారి నోరు విప్పాను. పిల్ల దాటేదాకా బల్ల అతనూ తియ్యలేదు, తమరూ తియ్యలేదు కదండీ అన్నాను. భీమశంకరంగారు ఓపిగ్గా వివరించారు. తాను ఆగింది విచక్షణాధికారంతో అట, అతను ఆగింది అధికారం లేకుండా అట.

నోటీసు నేనే రాశాను. మా కాలనీలో నోటీసులు పంచేది యేసురత్నమే గనక అతన్నే పిలిచి పుస్తకంలో ఎక్కించి ఇచ్చాను. కవరు మీద తన పేరు చూసుకున్నాడు. గేటు దాకా నడిచి వెళ్లి, తన గది తలుపు దగ్గర దాన్ని తనకి తాను అందించుకుని, నిలబడే చదువుకుని, అందినట్టు సంతకం పెట్టి, పుస్తకం తెచ్చి నాకు ఇచ్చాడు. అతని ముఖం చూడలేకపోయాను.

సంజాయిషీ కూడా తమరే రాసిపెట్టాలండి అన్నాడు. ఎప్పుడూ అతని కాగితాలు నేనే రాస్తాను. ఏం రాయమంటావని అడిగాను.

"ఇంకో పిల్ల అవతలుండిపోయిందని రాయండి."

అది చాలదయ్యా, పొరపాటయింది క్షమించమని వేడుకుంటున్నాను అని రాస్తే గది మిగులుతుందని చెప్పాను.

"పొరపాటని రాయకండి. పిల్ల అవతలుందని రాయండి. అదే జరిగిందండి."

ఆ ఒక్క వాక్యమే రాశాను. అతను కింద సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆ సంతకం కింద కార్యదర్శి అభిప్రాయం అని ఒక గడి ఉంటుంది. అందులో సమర్పించడమైనది అని తప్ప నా చేత్తో ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఆ రోజు రాశాను: "అతను చెప్పింది నిజం. ఆ వేళ నేనూ ఆ డాబా మీదే ఉన్నాను, బల్ల నేనూ తియ్యలేదు, కాబట్టి నాకూ ఒక నోటీసు ఇవ్వగలరు."